సేఫ్ మోడ్‌లో బావ

మా బావ పోయాక కూడా కంప్యూటర్ ఆన్ చేస్తే మాట్లాడేవాడు. ఇందులో వింతేమీ లేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ తెరుచుకోగానే వచ్చే సంగీతం తీసేసి మనకిష్టమైన శబ్దం పెట్టుకునే వీలుండేది. అనకాపల్లిలో పెళ్ళి వీడియోలు తీసి, ఇంట్లోనే మిక్సింగ్ చేసుకునే బావ, ఆ సంగీతం స్థానంలో తన గొంతే పెట్టుకున్నాడు: "వచ్చేవా? రా, కూకో."

బతికున్నన్నాళ్ళూ అది జోకు. పోయాక కూడా జోకు అలాగే ఉంది, నవ్వేవాళ్ళే తగ్గారు.

చిక్కేమిటంటే, బావ గొంతు ఇంకెక్కడా లేదు. పూడిమడక నుంచి పాయకరావుపేట దాకా ఎన్నో పెళ్ళిళ్ళు తీశాడు గానీ కెమెరా వెనక ఉండేవాడు కదా, ఏ క్యాసెట్‌లోనూ తను లేడు. ఎక్కడైనా "ఇటు సూడండమ్మా" అని అరిచినా, వృత్తిధర్మం ప్రకారం ఆ మాటల మీద సినిమా పాట పరిచేశాడు. తన గొంతుని తనే అంత శ్రద్ధగా చెరుపుకున్న మనిషిని నేను చూడలేదు.

కాబట్టి అక్క, అంటే బావ భార్య, రోజూ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి ఆ ఒక్క మాటా వినేది. విని, కూర్చునేది. "బతికున్నప్పుడు ఒక్కసారి కూకోమన్న పాపాన పోలేదు తమ్ముడూ. ఇప్పుడు రోజూ అంటన్నాడు," అంది నాతో. మర్యాద ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళని తప్పుపట్టకూడదని ఊరుకున్నాను.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ పలకట్లేదు."

నాది బీఎస్సీ కంప్యూటర్స్. ఆ వాక్యానికి జవాబు మా సిలబస్‌లో లేదు. అన్నం కూడా తినకుండా బయల్దేరాను.

మిక్సింగ్ గదిలో తెర మీద వెలుగు పడకూడదని బావ కిటికీలకి నల్లగుడ్డ కొట్టించాడు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. కంప్యూటర్ డబ్బా మీద వాడిన బంతిపూలు, స్విచ్ మీద కుంకుమబొట్టు. బొట్టు మీదే వేలు పెట్టి నొక్కాను. తెర మీద నీలం గీత కాసేపు పాకి, ఆగిపోయింది. ఊపిరి తీసుకుని వదలడం మరిచిపోయినట్టు అక్కడే ఉండిపోయింది.

ఆపేసి మళ్ళీ ఆన్ చేసి, ఎఫ్8 టకటకా కొట్టి సేఫ్ మోడ్‌లో లేపాను. సేఫ్ మోడ్ అంటే, జబ్బుపడ్డ కంప్యూటర్‌లో ప్రాణానికి కావలసినవి మాత్రం లేపి, మిగతావాటిని నిద్రపోనివ్వడం. వెనక బొమ్మ ఉండదు, ప్రింటర్ ఉండదు, శబ్దం అసలే ఉండదు. నిద్రపోతున్నవాటిలో జబ్బు దేనిదో అప్పుడు వెతుక్కోవాలి.

నల్లటి తెర మీద తెల్లని గీతలు బొలబొలా రాలాయి. తర్వాత అంతా నలుపే. నాలుగు మూలలా మాత్రం 'సేఫ్ మోడ్' అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు.

"నాలుగు మూలలా ఏటి రాసేవు బాబూ?"

గుమ్మంలో అత్త, బావ వాళ్ళమ్మ. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలీదు.

"నేను రాయలేదత్తా. అదే రాసుకుంటుంది."

"నాలుగు మూలలా రాసి నడుమ ఉంచడమంటే కట్టు కట్టడమే. మావూర్లో గాలి సోకినోళ్ళకి ఇలాగే మంత్రమేసి కట్టేవోరు. నా కొడుకుని ఏటి సేసేవు?"

కట్టు కాదు, బాగుచెయ్యడానికేనని చెప్పాను. కట్టు కట్టేవాళ్ళూ అదే చెప్పేవారట.

బావ మాట ఉన్న ఫైలు వెతికితే దొరికింది. నొక్కితే శబ్దం లేదు. ముందుజాగ్రత్తగా ఫ్లాపీలోకి ఎక్కించి అక్కకిచ్చాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బిళ్ళలో పెట్టి ఇత్తే నేనేటి సేసుకోను? ఆ డబ్బాలోంచి రావాలి తమ్ముడూ. నేను ఆన్ సెయ్యాలి, మీ బావ పిలవాలి."

నేను శబ్దం పలికించే సౌండ్ కార్డు సంగతి చూస్తున్నాను. గదిలో డబ్బా ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు.

"ఊఁ," అంది అత్త.

కాసేపయ్యాక, "ఏసుకున్నాన్రా. పొద్దున్నే ఏసుకున్నాను."

బీపీ బిళ్ళ వేసుకున్నావా అని అత్తని బావ రోజూ అడిగేవాడు. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఎవరితో అత్తా?"

"నువ్వు పని సూసుకో."

స్పీకర్ల స్విచ్ చూశాను. ఆపేసి ఉంది. చూసినందుకు సిగ్గుపడి, ఇంకోసారి చూశాను.

సౌండ్ కార్డుని మాత్రం పనిచెయ్యకుండా ఆపి మామూలుగా లేపితే కంప్యూటర్ మూగగా, చక్కగా లేచింది. దోషి దొరికాడు. డబ్బా విప్పితే గుప్పున గుడి వాసన. లోపల కొడుకున్నాడని అత్త రోజూ సాయంత్రం డబ్బాకి సాంబ్రాణి వేస్తోందట. ఆ పొగంతా ఫ్యాను భక్తిగా పీల్చుకుంది. కార్డు అంచు నల్లగా మసిబారింది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగించి, స్పీకర్లు వేసి, ఆన్ చేశాను.

నీలం గీత ఆగకుండా సాగింది.

"వచ్చేవా? రా, కూకో."

బాగుచేసింది నేనే అయినా గుమ్మం వైపు ఓ అడుగు వేశాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అత్త మాత్రం కదల్లేదు. "ఇది ఆడు కాదు."

"ఆయన గొంతేనత్తా," అంది అక్క.

"గొంతు ఆడిదే. సిలకలాగ ఒకటే మాటంటది. ఇందాక కట్టు కట్టినప్పుడు మాటాడినోడు ఆడు. ఆ నల్లదే పెట్టు బాబూ."

అక్క వద్దంటుందనుకున్నాను. ఆమెకి కావలసింది దొరికింది కదా. ఆ తెరనీ, అత్త మొహాన్నీ చాలాసేపు చూసింది. "పెట్టు తమ్ముడూ," అంది చిన్నగా.

నిక్షేపంలాంటి కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో లేపడమంటే, ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ఐసీయూలో పడుకోబెట్టడమే. పడుకోబెట్టాను. గీతలు రాలాయి. నలుపు, నాలుగు మూలలా అక్షరాలు. ముగ్గురం కూర్చున్నాం. అత్త మధ్యమధ్య తలూపుతోంది. పక్కింటి గోడకి చెవి ఆనించినట్టు అక్క డబ్బా మీదికి వంగింది. నాకు ఫ్యాను తప్ప ఏమీ వినబడలేదు. అంతే వినబడిందని ఇప్పటికీ చెబుతాను.

అత్త నా వైపు తిరిగింది. "అన్నం తిన్నావా అంటన్నాడు నిన్ను."

"తిన్నానని చెప్పత్తా," అన్నాను.

అత్త తెర వైపు తిరిగి కాసేపు విని, తల అడ్డంగా ఊపింది.

"అబద్ధమాడతన్నాడంట. ఓ ముద్ద పెట్టమంటన్నాడు," అంది కోడలితో.

అక్క నన్ను అడగలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, కంచం పెట్టింది.