పురుడెళ్లని పిల్లలు

టెక్కలిలో పలాస బస్సెక్కి, కెమెరాలో ఫొటోలు చూసుకుంటున్నాను. పొద్దున్న సంతబొమ్మాళి వైపు ఒక ఊళ్లో, చింతచెట్ల మీది గూళ్లలో తీసిన కొంగపిల్లలవి. ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేవు. తల్లి వాలగానే మెడలు చాచి నోళ్లు తెరిచాయి.

పక్కసీటులో పెద్దావిడ వంగి చూస్తోంది. నా ఫొటోల్లోకి ఎవరైనా తొంగిచూస్తే నాకు చిరాకు. కెమెరా కొంచెం పక్కకి తిప్పాను.

"మా ఊరి కొంగలే బాబూ. ఏటా పురిటికొచ్చే ఆడపిల్లల్లాంటివి మాకు. మైల తీరి పురుడెల్లకుండా పసిపిల్లలకి ఫొటో తీత్తారేటి? దిష్టి తగలదా?" అంది.

గూళ్లలో పిల్లలున్నన్నాళ్లూ ఆ చెట్ల కింద డప్పు కూడా కొట్టనివ్వరని పొద్దున్నే విన్నాను. వాదించబుద్ధి కాలేదు. "తీసేస్తానమ్మా" అని ఒక ఫొటో చెరపబోయాను.

ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు, ఉండనీ. మా మనవరాలు పుట్టినప్పుడు ఫొటో తీసుకుంటానని కోడలు అడిగింది. పురుడెల్లేదాకా ఒద్దని నానే అన్నాను. పురుడెల్లకుండానే పోయింది పిల్ల. ఎంత తలుసుకున్నా ఇప్పుడు మొకం గేపకం రాదు."

కెమెరా ఆవిడ ఒళ్లో పెట్టాను. పలాస వచ్చేదాకా ఆ ఒక్క ఫొటోనే చూస్తూ కూర్చుంది.

దిగేముందు ఫొటోలోని కొంగపిల్లల చుట్టూ రెండు చేతులూ తిప్పి, కణతలకి ఆనించుకుని మెటికలు విరిచింది.