నవాసారం ముక్క

బోధన్‌లో మదార్ మియా ఏ గల్లీలో కొలిమి పెట్టినా ఆడవాళ్లు కళాయి పోయిన ఇత్తడి గిన్నెలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. గిన్నె బాగా కాలాక ఆయన చిటికెడు నవాసారం చల్లి, గుప్పున లేచే తెల్లటి పొగకు ముఖం పక్కకు తిప్పుకొని, దూదితో తగరం రుద్దేవాడు. ఆ ఉప్పు మురికిని తినేస్తేనే తగరం అంటుకుంటుంది. కళాయి లేని ఇత్తడిలో చారు కాస్తే చిలుమెక్కి కడుపులో దేవుతుంది. ఆ నవాసారం ముక్క లేనిదే మదార్ మియాకు పూట గడవదు. అలాంటిదాన్ని ఆ రోజు ఆబ్కారీ జవాను వచ్చి లాక్కున్నాడు.

“బెల్లంల గిదేసి సారా కాస్తున్నవా, ముసలోడా?”

“గీ గిన్నెలు కనబడ్తలేవా నీకు? సారా కాసేటోళ్లను ఇడిసిపెట్టి మా చిచ్చా మీద పడ్తవా?” అని గిన్నెలు తెచ్చిన రాధాబాయి గయ్యిమంది.

మదార్ మియా వేళ్ల మధ్య మిగిలిన చిటికెడును కాలుతున్న గిన్నెలో చల్లాడు. తగరం రుద్ది, ధగధగలాడే గిన్నెను పట్టకారుతో జవాను ముందుకు ఎత్తాడు.

“సూడు సాబ్. గిందుల సారా కనబడ్తుందా, నీ మొకం కనబడ్తుందా?”

జవాను చూశాడు. అందులోనే మీసం సవరించుకొని, ముక్కను జేబులో వేసుకొని వెళ్లిపోయాడు.