ఎవరూ వినని పేజీ

చెల్లెలి పిల్లలు ఆమెను మైకు పెద్దమ్మ అంటారు. విమానాశ్రయంలో ఇరవై రెండేళ్ళు ప్రకటనలు చదివింది మరి. ఆమె కూర్చునే గదికి కిటికీ లేదు. ఒక బల్ల, మైకు, మంచినీళ్ళ గ్లాసు, గోడ మీద గడియారం, అంతే. కాళ్ళ కింద నేల సన్నగా వణికితే ఒక విమానం వెళ్ళిందని అర్థం. అది ఏ ఊరికి పోతోందో తెలుసు గనక, కళ్ళు మూసుకుని తనూ ఆ ఊళ్ళో దిగేది. తెలియని వీధుల్లో కాసేపు తిరిగి, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేది.

చివరి ఏడాది ఆమెను తొమ్మిది రోజులు మెత్తటి గోడల గదిలో కూర్చోబెట్టి అన్నీ రికార్డు చేసుకున్నారు. ఊళ్ళ పేర్లు, అంకెలు, 'ఆలస్యం', 'రద్దు', 'చింతిస్తున్నాము'. ఆ ముక్కల్ని అతికించుకుని ఇకమీదట కంప్యూటరే పలుకుతుందన్నారు. పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపారు. గొంతు అక్కడే ఉండిపోయింది. ఇంట్లో అలవాటు మాత్రం పోలేదు. కూరగాయల బండి దగ్గర కూడా "దయచేసి గమనించండి, అరకిలో ఉల్లిపాయలు" అనేది.

మొన్నామధ్య చెల్లెలికి కంటి ఆపరేషన్ చేయాలన్నారు. "అక్కా, నువ్వు పక్కనుంటే గానీ నేను ఆ బల్ల ఎక్కను" అని చెల్లెలు ఫోన్లో మొండికేసింది. ముందురోజు పొద్దుటి విమానానికి టికెట్టు తీసుకుని, చిన్న పెట్టె సర్దుకుని పెద్దమ్మ బయల్దేరింది.

విమానాశ్రయం హాల్లో పెద్ద పెద్ద అద్దాల్లోంచి ఎండ లోపలికి జారుతోంది. ఆ వెలుగులో నడిచేవాళ్ళు నీళ్ళ అడుగున కదులుతున్నట్టున్నారు. కుర్చీలో కూర్చున్న పెద్దమ్మకి రెప్పలు వాలుతుండగా ఎవరో బాగా తెలిసినవాళ్ళు పలకరించినట్టయింది. ఆ గొంతు తను ఎక్కాల్సిన విమానం నంబరు చెప్పింది. రద్దయింది, చింతిస్తున్నాము అంది. 'ఎంత చక్కగా చింతిస్తోందో' అనుకుంది పెద్దమ్మ. చింతిస్తున్నదీ తనే, చిక్కుకుపోయిందీ తనే అని ఆ తర్వాత తట్టింది. దిగ్గున లేచింది.

అప్పటికే కౌంటరు ముందు నలభై మంది చేరారు.

"వాతావరణం బాగోలేదండి. రేపు సాయంత్రం విమానంలో పంపిస్తాం. అంతకుమించి ఏం చేయలేం" అంటోంది కౌంటరు అమ్మాయి.

వరుసలో ముందున్నాయన, ఎక్కడో లెక్కల మాస్టారట, అద్దాల వైపు చెయ్యి చూపించాడు. "వాతావరణమా? బయట ఎండ మాడ్చేస్తోంది కదమ్మా! పైలట్ రాలేదని ఇందాక మీవాళ్ళే అనుకుంటున్నారు."

ఆ అమ్మాయి తల దించుకుంది. "నన్ను ఇలాగే చెప్పమన్నారు సార్."

పెద్దమ్మ వంతు వచ్చింది. "రేపు పొద్దున మా చెల్లికి ఆపరేషనమ్మా. రేపు సాయంత్రం వెళ్ళి నేనేం చేయను?"

"సారీ మేడమ్."

అప్పుడు గుర్తొచ్చింది. రికార్డింగు తొమ్మిదో రోజు, అన్నిటికన్నా చివర ఒక పేజీ చదవమని ఇచ్చారు. మధ్యలో దగ్గు రావడంతో రెండుసార్లు చదివింది. ఆ పేజీని ఇంతవరకూ ఒక్కసారి కూడా వినిపించలేదని తర్వాత ఆఫీసువాళ్ళే నవ్వుతూ చెప్పారు. పెద్దమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ప్రయాణికులకు మనవి. మీ విమానం రద్దయినప్పుడు మరో విమానంలో సీటు గానీ, టికెట్టు సొమ్ము పూర్తిగా వెనక్కి గానీ, ఏది కావాలో కోరుకునే హక్కు మీది. వేచి ఉన్నంతసేపు భోజనం పెట్టే బాధ్యత సంస్థది. రాత్రికి ఆగాల్సి వస్తే బస కూడా. తప్పు సంస్థదైతే పరిహారం అడగవచ్చు. రద్దుకు కారణం ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి."

దూరంగా ఉన్నవాళ్ళు తలలెత్తి పైనున్న స్పీకర్ల వైపు చూశారు. ఒకావిడ సంచిలోంచి కలం తీసి అరచేతి మీద రాసుకుంది. మాస్టారు మాత్రం నోరు తెరుచుకుని పెద్దమ్మనే చూస్తున్నాడు.

"ఆ మైకులో ఆవిడ... మీరేనా అమ్మా?"

"ఇరవై రెండేళ్ళూ నేనేనండీ."

"అయితే నా పెళ్ళికి నన్ను ఐదు గంటలు ఆలస్యం చేసింది మీరేనన్నమాట!"

"చింతిస్తున్నాను" అంది పెద్దమ్మ. వరుసంతా గొల్లుమంది. కౌంటరు అమ్మాయీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఫోనెత్తి పై అధికారిని పిలిచింది.

వచ్చినాయన వాతావరణం అన్న మాటే మళ్ళీ ఎత్తుకున్నాడు. "అదే కాగితం మీద రాసివ్వండి" అని నలభై మందీ అడిగారు. ఆయన కలం తీశాడు, అద్దాల్లోంచి బయటి ఎండని చూశాడు. చివరికి 'సిబ్బంది కొరత' అని రాసి సంతకం పెట్టాడు. అక్కడినుంచి పనులు చకచకా నడిచాయి. భోజనం పొట్లాలు వచ్చాయి. వేరే సంస్థవాళ్ళ మధ్యాహ్నం విమానంలో పన్నెండు సీట్లు దొరికాయి. "చెల్లెలి ఆపరేషన్ ఉన్నావిడకి ముందు" అన్నాడు మాస్టారు. ఎవరూ కాదనలేదు. పరిహారం సంగతి మటుకు మూడు ఉత్తరాలు రాస్తే గానీ తేలలేదు.

మేఘాల మీద పెద్దమ్మ హాయిగా నిద్రపోయింది. కలలో ఎవరూ ఏమీ ప్రకటించలేదు.

మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం ఇంటికి వచ్చాక చెల్లెలు కళ్ళ మీద కట్టుతో పడుకుని అక్క చెయ్యి పట్టుకుంది.

"కిటికీలోంచి ఏం కనిపిస్తోందో చెప్పక్కా."

"ఎదురింటాయన గేటుకి రంగు వేస్తున్నాడే. పచ్చ రంగు."

"ఏ పచ్చ? చిలకపచ్చా, నాచుపచ్చా?"

పెద్దమ్మ కిటికీ దాకా వెళ్ళి, ఊచలకు ముఖం ఆనించి చూసింది.

"ఇంకా తడిగా ఉందే. ఆరితే గానీ తెలీదు."