విత్తనాలు వలిచేటప్పుడు పాడాలి

మా ఇంట్లో విత్తనానికి వేరుశనగ కాయలు వలవాలంటే పాట వచ్చి తీరాలి. గొంతు బాగుందా లేదా అని మా అవ్వ ఎప్పుడూ చూడలేదు. పాడే నోటికి నమలడం కుదరదు, అంతే ఆమె లెక్క. ముందు తానే ఎత్తుకునేది. మధ్యలో ఎవరి గొంతు ఆగినా తలెత్తకుండానే, "ఎవురే అది, నోరు తెరువు" అనేది. నేను ఒకసారి పెదాలు మూసుకుని ముక్కుతో రాగం తీసి చూశాను. "ముక్కుతో మీ అత్తగారింట్లో పాడుదువులే, ఈడ నోటితో పాడు" అంది.

పెనుకొండ దగ్గర మా ఊళ్లో వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసిన తరువాతి సంగతి ఇది. ఇంట్లో మిగిలినవి విత్తనపు కాయలే. వాటిని హిందూపురం మండీకి తోలేద్దామని నాయన, వలుద్దామని అవ్వ. తొక్కలో ఉన్నన్నాళ్లు గింజకు భయం లేదు. వలిచాక ఎక్కువ రోజులు ఆగదు, పురుగు పడుతుంది, మొలవదు. ఆకాశంలో చూస్తే మబ్బు తునక లేదు.

"మోడమే లేదు. ఇప్పుడు వలిస్తే అమ్ముకునేదానికీ ఉండవు, ఇత్తేదానికీ ఉండవు" అన్నాడు నాయన.

"వాన పడినాక వలుస్తా కూచుంటే పదును ఆరిపోతాది. దుమ్ములో ఇత్తుతావా?" అంది అవ్వ, చేట ముందుకు లాక్కుంటూ.

"పాడుకో, నీ పాటకే వాన దిగొస్తాది" అని నాయన అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. నాకు నిజంగానే భయమేసింది. అవ్వ లెక్క తప్పితే ఆ ఏడు కూడా మా చేను బీడే.

తెలుగు పాటలు అయిపోయాయి. వలవడానికి తోడొచ్చిన పక్కింటామె కన్నడ పాటలు ఎత్తుకుంది. అవీ అయిపోయాక మేం రాగం తీసి ఎక్కాలు చదివాం. నోళ్లు తెరుచుకుని ఉంటే అవ్వకు అంతే చాలు.

చివరి బస్తా విప్పిన మధ్యాహ్నం మా అందరి గొంతులూ ఒక్కసారే ఆగిపోయాయి.

"అందరూ తింటాండారా?" అంది అవ్వ.

ఎవరూ తినలేదు. బయట బోర్లించిన రేకు బకెట్టు మీద చినుకులు పడుతున్నాయి. నాయన లేచి, విత్తే గొర్రు సవరించుకోవడానికి కొట్టంలోకి పోయాడు. వాన పెద్దదైంది.

"పాడండే, ఇంకా అర బస్తా ఉండాది" అంది అవ్వ. పాడాం. ఆమె గొంతు మాత్రం కలవలేదు. చూస్తే, రెండేళ్లుగా ఒక్క గింజ ముట్టని మనిషి, పెదాలు మూసుకుని నెమ్మదిగా నములుతోంది.

"అవ్వా, నోరు తెరువు" అన్నాను.

తెరవలేదు. గుప్పెడు గింజలు తీసి నా ఒళ్లో పోసింది.