సావుకు పోయేటోని మొఖం

బాన్సువాడ రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, నిక్షేపంగా ఉన్న మా పెద్దమ్మ పోయిందని సేటుకు చెప్పి, బోధన్‌లో ఇంకో మిల్లులో ఉద్యోగం అడగడానికి బస్సెక్కాను. కండక్టరు సేటుకు తెలిసినవాడు. అతనికీ అదే చెప్పాను.

పక్క సీట్లోని ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "సావుకు పోయేటోడు గిట్ల పౌడర్ కొట్టుకుంటడా? బతికున్నోళ్లను సంపుతున్నవా?"

"నీకెందుకవ్వా? నీ పని నువ్వు చూస్కో" అని కసిరాను.

ఆమె కొంగుతో నా మొఖం మండేలా రుద్దింది. దువ్విన జుట్టంతా చెరిపేసింది. "సావుకు పోయేటోని మొఖం గిట్లుండాలె" అంది. నేను ఆ చెయ్యి విసిరికొట్టాను.

తర్వాతి స్టాపులో సేటు బావమరిది ఎక్కాడు. నన్ను చూసి, కండక్టరు చెప్పింది విని, "అయ్యో పాపం" అని భుజం తట్టి ముందుకు వెళ్ళాడు. ముసలామె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కోటగిరిలో ఆమె దిగింది. దూరంగా సావుడప్పు మోగుతోంది. అది చెవిన పడగానే "ఓ తమ్ముడో" అని గుండెలు బాదుకుంటూ అటే ఉరికింది.

నా జేబులో దువ్వెన ఉంది. బోధన్‌లో దిగాక తీయబుద్ధి కాలేదు. అలాగే వెళ్ళి ఉద్యోగం అడిగాను.