వీధంతా ఎర్రచుక్కలు

మా మనవరాలు నెట్ కంపెనీలో కొత్తగా చేరి, ఇంట్లోంచే పని చేసిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండెల్లో దడే. నాకొచ్చినవి నాలుగక్షరాలు. తెలిసిందల్లా ఒకటే: దాని కంప్యూటరు తెర మీద, నెట్ పెట్టించుకున్న ప్రతి ఇంటికీ ఓ చుక్క. పచ్చగా ఉంటే నెట్ ఉన్నట్టు, ఎర్రగా ఉంటే పోయినట్టు. ఓనాడు పొద్దున్నే అది కంటైనర్ అనేదేదో మార్చింది (లోపల ప్రోగ్రాములు సర్దిపెట్టిన డబ్బాట). మార్చీ మార్చగానే తెరంతా కుంకం చల్లినట్టయిపోయింది. పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. "మధ్యాహ్నం మా ఆఫీసు సార్ ఇంటికొచ్చి చూస్తారు మామ్మా. ఇలా ఉంటే నన్ను ఉద్యోగంలో ఉంచరు" అంది.

నాకూ భయమేసింది. అలాగని భయం పైకి కనబడనిచ్చే మనిషిని కాను. వీధిలోకి వెళ్ళేను. నెట్టే లేనప్పుడు ఇంటింటా గోడకి ఆ నెట్ పెట్టెలు వెలుగుతూంటే కరెంటు దండగ కాదూ? గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, నెట్ పోయింది, పెట్టెలు కట్టేయండని గట్టిగా చెప్పేను. అందరూ "ఆయ్, అలాగేనండి" అన్నారు. చివరింటి అమ్మాయి ఆ నెట్ మీదే కువైట్‌లో ఉన్న మొగుడితో మాట్లాడుతోంది. ఫోనులో అతని మొహం కూడా కనబడుతోంది (ఆ భయంలో నాకేమీ తట్టలేదు). పాపం, ఆమె కూడా ఆయ్ అని, మొగుణ్ణి మధ్యలో ఆపేసి పెట్టె కట్టేసింది.

ఇంటికొచ్చేసరికి పిల్ల నవ్వుతోంది. అసలు నెట్‌కేమీ కాలేదుట. ఇంటింటినీ పలకరించి వచ్చే ప్రోగ్రాం ఒకటుంటుందిట. కొత్త డబ్బాలో అది ఒకచోట ఉంటే, సెట్టింగుల్లో పాత చోటే రాసి ఉందిట. పలకరించేవాడే దొరక్క, తెర అందరినీ పోయినవాళ్ళ కింద జమకట్టేసింది. ఆ దారి దిద్దగానే చుక్కలన్నీ పచ్చబడ్డాయి, మా వీధివి తప్ప.

"ఇవి నిజంగానే పోయాయి మామ్మా" అని పిల్ల మళ్ళీ కంగారుపడింది. ఇంతలో బయట సార్ బండి ఆగింది. ఆయన్ని కాఫీతో కూర్చోబెట్టమని చెప్పి పెరటి దారిన పరిగెత్తేను. నెట్ బాగానే వస్తూంటే ఎందుకు కట్టేసేవని చివరింటి అమ్మాయిని గదమాయించేను.

"మీరు చెప్పేరు కదండీ మామ్మగారూ. మీ మాట కాదని ఎలా అంటామండి?"

ఇంటింటికీ తిరిగి దగ్గరుండి స్విచ్చిలు వేయించేను. సార్ కాఫీ పూర్తయ్యేలోగా మా వీధీ పచ్చబడింది, ఉద్యోగం నిలిచింది. వీధంతా నా మాటంటే ఆయ్ అంటుందని అప్పట్లో ఎంత గర్వమో నాకు. ఆ రోజు ఒక్కరైనా, నెట్ వస్తోంది కదండీ అని ఉండాల్సింది అనుకుంటాను. కానీ అననిచ్చే మొహమా నాది, అని నవ్వుకుంటాను.