కందకంలో మూడు రాళ్ల పొయ్యి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మట్టి తవ్వడానికి బలం కావాలి గానీ చదువు అక్కర్లేదని. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి సౌదీ పోయి అప్పటికి నాలుగు నెలలు. అభా కొండల్లో, చుట్టూ కందకం ఉన్న ఒక పాతకాలపు తోటలో పని. లోపలి మట్టి మిద్దెను బాగుచేసి టూరిస్టులకు చూపిస్తారట, అందుకని మేం నీళ్ల పైపుకు కాలువ తీస్తున్నాం. తీస్తున్నాం అనడం గొప్పకే. మట్టిలో పాతకాలపు వస్తువులేమైనా దొరికితే చూసుకోమని ప్రభుత్వం పంపిన ఒక కుర్ర ఆఫీసరు పక్కనే నిలబడి, చిన్న కుండపెంకు కనబడినా చెయ్యెత్తి జేసీబీని ఆపేవాడు. ఆపైన బోర్లా పడుకుని బ్రష్షుతో మట్టి దులిపేవాడు. ఆయనకు బ్రష్షు సారు అని పేరు పెట్టుకున్నాం (ఆయన మాకేం పేరు పెట్టాడో తెలియదు, పెట్టే ఉంటాడు). ఎండలో నాకు నీళ్ల సీసా అందించేది మాత్రం ఆయనొక్కడే.

తోటలో నిప్పు రాజేస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతామని కంపెనీ వాళ్లు మొదటిరోజే చెప్పారు. మా ఫోర్‌మన్ మా ఊరివాడే, నాకు వరసకు కాక, వీసా ఇప్పించిందీ ఆయనే. ఒక శుక్రవారం, సెలవు పూట, మెస్సు పప్పు తిని తిని నాలుక చచ్చిపోయిందని ఆ కాక ప్రాణం తీశాను. పొగ కనబడదని కందకంలోకి దిగి, మూడు రాళ్లు పెట్టి ఇద్దరం కోడికూర వండితే, గదిలోని ఆరుగురం తిన్నాం. "బొక్కలు, బూడిద అన్నీ మట్టిల కప్పెయ్ బిడ్డా," అన్నాడు కాక. ఎముకలూ బూడిదా కప్పి, నీళ్లు చల్లి, కాలితో తొక్కి చదును చేశాను. అంత నాణ్యంగా నేను చేసిన పని ఇంకొకటి లేదు.

వారం తిరక్కుండానే పైపు దారి మార్చారు. కొత్త దారి సరిగ్గా మా పొయ్యి మీదుగా పోయింది. పైమట్టి గీరగానే నల్లటి రాళ్లు మూడూ బయటపడ్డాయి. బ్రష్షు సారు చెయ్యెత్తాడు. సాయంత్రం దాకా ఒక్కో బొక్కా దులిపి సంచిలో వేశాడు. చివరికి దాల్చినచెక్క ముక్క ఒకటి దొరికితే, దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, అరబ్బీ హిందీ కలిపి, ఇది ఎప్పుడో ఇండియా నుంచి వచ్చి ఉంటుందని నాతో చెప్పాడు. ఇండియా సంగతి నిజమే. మా అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంలో వచ్చింది. జెద్దా నుంచి పెద్దసారును పిలుస్తానని ఆయన మురిసిపోతూ ఫోన్ తీశాడు.

"చెప్దామా కాకా?" అన్నాను.

"నోర్మూసుకో. చెప్తివా, ఇద్దరం ఇమానమెక్కుతం."

"మరి పెద్దసారొచ్చి గీ బ్రష్షు సారును తిడితే?"

"తిట్టనీ. ఆయన నౌకరీ పోదు, మనది పోతది."

ఇంటికి పోవాలంటే నాకూ భయమే. కానీ నీళ్లిచ్చిన మనిషి నా కోడి బొక్కల వల్ల నవ్వులపాలవుతాడంటే మనసొప్పలేదు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "సారు, హాదా మాఫీ ఖదీమ్," అన్నాను, ఇది పాతది కాదని. "హాదా జుమ్మా దజాజ్." శుక్రవారం కోడి అన్నమాట.

ఆయన రాళ్లను చూశాడు, సంచిని చూశాడు, నన్ను చూశాడు. కాక ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు. ఎంతమంది తిన్నారని అడిగితే ఆరు వేళ్లు చూపించాను. ఆయన ఫోన్ జేబులో పెట్టి నోటుబుక్కు తీశాడు. నా పేరు రాసుకుంటున్నాడనుకుని మనసులోనే పెట్టె సర్దేసుకున్నాను. ఆయన మాత్రం రాళ్లకు టేపు పెట్టి కొలిచి, ఫొటో తీసి, రాసిందంతా చదివి వినిపించాడు: మూడు రాళ్ల పొయ్యి, ఈ మధ్యది, కోడి, దాల్చినచెక్క, వండుకున్నది ఇండియా పనివాళ్లు ఆరుగురు.

పాతది కానప్పుడు ఎందుకు సారూ రాయడం అన్నాను.

"ఇక్కడ ఎవరేం చేసినా రాయడమే నా పని," అన్నాడు. ఈ పుస్తకం మా ఆఫీసుకే పోతుంది, మీ కంపెనీకి కాదని కూడా చెప్పాడు. అప్పుడు గానీ కాక చూపు ఆకాశం నుంచి కిందికి దిగలేదు.

తర్వాత ఆ దేశంలో ఏళ్లకేళ్లు కాలువలు తవ్వాను, పూడ్చాను. వాటి గురించి ఎవరూ ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. దొంగచాటుగా పెట్టిన పొయ్యి మాత్రం కొలతలతో సహా ఏదో బీరువాలో భద్రంగా ఉంది. మనసులోనే పెట్టె సర్దుకున్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం గర్వంగానూ ఉంటుంది. కూరలో ఉప్పెక్కువైందన్న సంగతి నేనూ చెప్పలేదు, ఆయనా రాయలేదు.